మా బాబు దూకలేదు



మేమిద్దరము గురజాల ప్రాంతములోని ఒక పల్లెలో చాలా ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి, ఇప్పుడు విశ్రాంతిగా ఉన్న ఉపాధ్యాయ దంపతులము. సంఘ కూటములలోను, తల్లిదండ్రుల సభలలోను మేమొక సాక్ష్యము చాలాసార్లు చెప్పాము. మీలో కొందరు విని కూడ ఉంటారు. టీవీలో శక్తిమాన్ సీరియల్ చూసి, తానూ అలాగే ఎగరగలనని భ్రమపడి, మా పెద్దబాబు మిద్దె మీద నుండి దూకి చెయ్యి విరగ్గొట్టుకున్నాడన్నదే ఆ సాక్ష్యము. ఇంచుమించు ఇరవై ఏళ్ళు దానిని చెప్పాము. విన్నవారు తలలూపారు, కొందరు తల్లులు కన్నీళ్ళు కూడ పెట్టుకున్నారు.

అది నిజము కాదు. కావాలని అబద్ధము చెప్పలేదు గాని, చెప్పింది మాత్రము అబద్ధమే. పదిమందిలో చెప్పినదానిని పదిమందిలోనే సరిదిద్దుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఈనాటి పిల్లలకు తెలియదేమో గాని, శక్తిమాన్ అనే హిందీ సీరియల్ దూరదర్శన్‌లో 1997 సెప్టెంబరు 13న మొదలై 2005 వరకు నడిచింది. అంతకు ముందు మహాభారతము సీరియల్‌లో భీష్మునిగా నటించిన ముఖేష్ ఖన్నా గారే దీనిలో కథానాయకుడు. మామూలు వేళలలో అతడు గంగాధర్ అనే అమాయకుడు. పళ్ళు ముందుకు వచ్చి, కళ్ళజోడు పెట్టుకొని, ఒక పత్రికకు ఫొటోలు తీస్తూ, అందరిచేత నవ్వులపాలవుతూ ఉంటాడు. ఎవరికైనా ఆపద వచ్చిందంటే చాలు, ఒక చెయ్యి పైకెత్తి గిర్రున తిరిగి శక్తిమాన్ అయిపోతాడు. చీకటికి రాజైన కిల్విష్ అనేవాడు అతనికి శత్రువు. గీతా విశ్వాస్ అనే విలేఖరి అతనిని గూర్చి పత్రికలో వ్రాస్తూ ఉంటుంది. మా ఇంట్లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ. అతని దుస్తులు ఎర్రవని మా పిల్లలు అంగట్లో అమ్మే స్టిక్కర్లు చూసి తెలుసుకున్నారు.

పల్నాడు పిల్లలకు వీరుల కథ కొత్తేమీ కాదు. కారంపూడిలో కార్తీక అమావాస్యకు వీరుల ఉత్సవము జరుగుతుంది. బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెము, బాలచంద్రుడు అన్న మాటలు ఇక్కడ ఏ మతము వారి ఇంట పుట్టిన పిల్లవానికైనా చెవిని పడతాయి. బాలచంద్రుడు బొంగరాలాట ఆడుతుండగానే గదా యుద్ధము సంగతి అతని చెవిని పడింది. మా చిన్నప్పుడు మేము కంది కట్టెలు కత్తులుగా పట్టుకొని ఆ ఆట ఆడినవారమే. అందుకే కాబోలు, శక్తిమాన్ మొదటిసారి గిర్రున తిరగడము చూసి మా ఇంటి పెద్దామె "ఈ బొంగరపు పిల్లోడెవర్రా?" అని అడిగింది. అప్పటి నుండి మా వీధిలో ముసలివాళ్ళందరికీ అతడు బొంగరపు పిల్లోడే. పన్నెండు కాగానే కర్రలు పొడుచుకుంటూ వచ్చి "వచ్చాడా మన బొంగరపు పిల్లోడు?" అని అరుగు మీద కూర్చునేవాళ్ళు.

హిందీ మాకు ఎవరికీ సరిగా రాదు. మిలటరీలో పనిచేసి వచ్చిన ఒక తాత గుమ్మము దగ్గర కుర్చీ వేసుకొని మాట మాటకు తెలుగు చెప్పేవాడు. ఆయన చుట్ట వెలిగించుకునే లోపల నాలుగు మాటలు పోయేవి. పిల్లలు ఆ నాలుగు మాటలనూ తమకు తోచినట్టు అల్లుకునేవాళ్ళు. సోమవారము బడిలో చూస్తే ఒకే కథ మూడు రకాలుగా నడిచేది.

చిక్కంతా వేళతోనే వచ్చింది. ఆదివారము టీవీలో ఏదో ఒకటి మన ఆరాధన వేళకు అడ్డము వచ్చుట 1987లో రామాయణముతోనే మొదలైంది. తరువాత మహాభారతము, ఆ తరువాత చంద్రకాంత. హయ్యర్ అయ్యగారు 1842లో గుంటూరు వచ్చి, తరువాత మన పల్నాటి పల్లెలు తిరిగిన కాలము నుండి ఈ ప్రాంతములో ఆదివారము అంటే గుడి గంట. ఇప్పుడు ఆ గంటకు పోటీగా ఇంకొక గంట వచ్చింది. శక్తిమాన్ ఆదివారము పన్నెండుకు వచ్చేది. మా ఆరాధన పదికి మొదలై పన్నెండు దాటేది. పదకొండు ముప్పావు అయ్యేసరికి పిల్లల వరుసలో కదలిక. కడుపునొప్పి అని ఒకడు, దాహమని ఒకడు. దీవెన కాకముందే సండే స్కూలు చాపలు సగము ఖాళీ.

సంఘ పెద్దలు కూర్చొని మాట్లాడుకున్నాము. టీవీ సాతాను పెట్టె అన్నవారున్నారు. మేము అలా అనలేదు గాని అన్నవారికి తల ఊపాము. ఒప్పుకోవలసినది ఒకటి ఉన్నది. ముగింపు ప్రార్థన మా వంతు వచ్చిన ఆదివారములలో ఆ ప్రార్థన కాస్త పొట్టిగానే ఉండేది. గంగాధర్ నవ్వులపాలైనప్పుడల్లా మేమూ పిల్లలతో సమానముగా నవ్వేవాళ్ళము. ఈ సంగతి పెద్దల సమావేశములో మేము చెప్పలేదు.

అది 1999వ సంవత్సరము, మిరపకాయలు కోసి కళ్ళాలలో ఆరబోసిన రోజులు. ఒక ఆదివారము అందరము టీవీ ముందున్నాము. ఎవరో ఎంతో ఎత్తు నుండి పడిపోతున్నారు. గంగాధర్ పక్కకు తప్పుకొని చెయ్యి పైకెత్తాడు, తిరగడము మొదలుపెట్టాడు. సరిగా ఆ క్షణములో కరెంటు పోయింది. పిల్లలందరూ ఒక్కసారిగా "హా!" అన్నారు. మళ్ళీ కరెంటు వచ్చేసరికి తెర మీద వేరే కార్యక్రమము నడుస్తున్నది.

మా బాబుకు అప్పుడు పదేళ్ళు. ఆ వారమంతా ఒకటే మాట. "పట్టుకున్నాడంటావా నాన్నా? ఒకవేళ ఆలస్యమైతే?" మిలటరీ తాతను అడిగాడు, ఆయనకూ తెలియదు. అమ్మను అడిగాడు. రాత్రి అన్నము తినేటప్పుడు మళ్ళీ అడిగాడు. "అదంతా ఉత్త కథరా, పోయి ఎక్కాలు చదువుకో" అన్నాము. పట్టుకునే ఉంటాడులే అని ఒక్క మాట అన్నా సరిపోయేదేమో. లేక, కూర్చోబెట్టుకొని, నువ్వైతే ఎలా ముగిస్తావో చెప్పరా అని అడిగినా సరిపోయేది. మేము ఆ రెండూ చేయలేదు.

తరువాతి ఆదివారము పెద్దల తీర్మానము అమలులోకి వచ్చింది. దీవెన అయ్యే వరకు పిల్లలెవరూ లేవకూడదు. మేము ఇంటికి తాళము వేసి తాళపుచెవి జేబులో వేసుకొని గుడికి వెళ్ళాము. ఆనాడు ప్రసంగము కూడ పొడుగైనది. పన్నెండు దాటింది. మా ఇల్లు గుడికి మూడిళ్ళ అవతల. ఉన్నట్టుండి అటు నుండి కేక వినబడింది.

వెళ్ళి చూస్తే మిద్దె కింద నాపరాళ్ళ అరుగు పక్కన బాబు పడి ఉన్నాడు. మోచేతి దగ్గర చెయ్యి వంకర తిరిగి ఉన్నది. పాస్టరుగారు ప్రసంగము మధ్యలో ఆపి మాతో పాటే పరుగెత్తుకొని వచ్చారు. తన కండువాతో చెయ్యి మెడకు కట్టి, "ఏమైంది నాయనా?" అని వానిని అడిగారు. వాడు నోరు తెరిచే లోపల మేమే జవాబు చెప్పాము: "ఇంకేముందయ్యగారూ, శక్తిమాన్ లాగా దూకాడు!"

ఆ మాట అక్కడ పుట్టింది. పిడుగురాళ్ళ మీదుగా నరసరావుపేట ఆసుపత్రికి తీసుకొనిపోయేసరికి మాకంటే ముందు ఆ మాట నడిచింది. జీపులోని వారు అదే అన్నారు. కట్టు కట్టిన డాక్టరుగారు నవ్వి, "ఏం శక్తిమాన్, ఎగిరావా?" అన్నారు. బాబు కూడ నవ్వాడు.

ఆ రోజులలో ఇటువంటి వార్తలు పత్రికలలో కూడ వచ్చేవి. శక్తిమాన్ వచ్చి కాపాడతాడని పిల్లలు ప్రమాదములు కొనితెచ్చుకుంటున్నారని దేశమంతా చెప్పుకున్నారు. ముఖేష్ ఖన్నా గారు సీరియల్‌లోనే పిల్లలతో మాట్లాడి, తనను అనుకరించవద్దని చెప్పారు. భాగము చివర పిల్లలకు బుద్ధులు చెప్పే చిన్న ఘట్టము కూడ ఉండేది. తప్పు చేసిన పిల్లలు అందులో సారీ శక్తిమాన్ అనేవాళ్ళు. ఆ వార్తలలో ఎంత నిజము, ఎంత కల్పన అన్న వాదము తరువాత కూడ నడిచింది. మాకు మాత్రము ఆనాడు ఏ అనుమానమూ రాలేదు. పత్రికలో చదివినదే మా ఇంట్లో జరిగిందనుకున్నాము. అనుకొనుటకు సులువుగా ఉన్నది. తప్పు టీవీది. మాది కాదు.

తరువాతి వారము పాస్టరుగారు ఐతుకును గూర్చి ప్రసంగించారు. పౌలు ప్రసంగము అర్ధరాత్రి వరకు సాగగా, కిటికీలో కూర్చున్న ఆ యౌవనుడు నిద్రపోయి మూడవ అంతస్తు నుండి పడిపోయిన సంగతి మీకు తెలుసు. "పౌలు పైన నిలబడి, యౌవనులు ఇలా చెడిపోతున్నారని చెప్పలేదు. ముందు దిగి వెళ్ళి వానిని కౌగిలించుకున్నాడు" అని పాస్టరుగారు అన్నారు. ఆరాధన తొమ్మిదిన్నరకు మార్చారు. పిల్లల వరుసలో గొడవ తగ్గింది. మాట ఎవరిని గూర్చినదో మాకు అర్థము కాలేదు. ఐతుకు అంటే మా బాబనుకున్నాము గాని, దిగి వెళ్ళవలసినవారము మేమని అనుకోలేదు.

అక్కడి నుండి మా సాక్ష్యము మొదలైంది. మొదట మా సంఘములో, తరువాత మాచర్ల వైపు సభలలో, ఆ తరువాత నరసరావుపేట కూటములలో కూడ చెప్పాము. చెప్పేటప్పుడు బాబును లేచి నిలబడమనేవాళ్ళము. వాని ఎడమ చెయ్యి మోచేతి దగ్గర ఇప్పటికీ పూర్తిగా చాచలేడు. ఆ చెయ్యి చూపించమనేవాళ్ళము. పదవ తరగతి అయ్యేసరికి వాడు మాతో సభలకు వచ్చుట మానుకున్నాడు. పై చదువులకు హైదరాబాదు వెళ్ళాక గుడికి వెళ్ళుట కూడ తగ్గింది. టీవీలు, సినిమాలు పిల్లల మనస్సు ఎలా పాడుచేస్తాయో చూడండని ఆ సంగతిని కూడ మా సాక్ష్యములో కలుపుకున్నాము.

ఇరవై ఒక్క ఏళ్ళు గడిచాయి. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. దానికి ముందు రోజు మా బాబు భార్యను, అయిదేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని హైదరాబాదు నుండి నాగార్జునసాగర్ దారిన ఊరికి వచ్చాడు. రెండు రోజులు కలిసి ఉండి పోదామని వచ్చినవాళ్ళు లాక్‌డౌన్‌తో ఇక్కడే నిలిచిపోయారు. నరసరావుపేటలో కేసులు హెచ్చయినవని రోజూ భయపెట్టే వార్తలు. గుడి తలుపులకు తాళము పడింది. మా జీవితములో మొదటిసారి గంట మోగని ఆదివారములు వచ్చాయి. ఏప్రిల్ 12న ఈస్టరు ఆరాధన కూడ వసారాలో చాపలు పరచుకొని మా ఇంటివారమే చేసుకున్నాము.

ఆ ఏప్రిల్ నెలలోనే దూరదర్శన్ వారు పాత సీరియళ్ళు మళ్ళీ చూపించారు. అందులో శక్తిమాన్ కూడ వచ్చింది. గుడి మూతపడి ఉండగా బొంగరపు పిల్లోడు తిరిగి వచ్చాడన్నమాట. ఈసారి రంగులలో చూశాము. ఆ ఎరుపు చూసి మేమిద్దరము ముఖముఖాలు చూసుకున్నాము. మా చిన్నప్పటి బొమ్మల పుస్తకములో రంగు ఇప్పుడెవరో వేసినట్టున్నది. అరుగు మీద కూర్చునే ముసలివారిలో ఒక్కరూ మిగలలేదు. మిలటరీ తాత కూడ లేడు. మా బాబే ఇప్పుడు కొడుకుకు హిందీ మాటలకు తెలుగు చెబుతున్నాడు.

ఎగిరే ఘట్టములు ఇప్పుడు చూస్తే నవ్వు వస్తుంది. ఈనాటి సినిమాలు చూసిన కళ్ళకు అవి బొమ్మలాటలాగా ఉన్నాయి. కాని గంగాధర్ మాత్రము పాతబడలేదు. అంత బలము ఉండి కూడ అవమానము పడి నవ్వి ఊరుకునే ఆ మనిషిని చూస్తుంటే, ఆనాడు మేము ఎందుకు నవ్వామో, ఇప్పుడు ఎందుకు నవ్వు ఆగిపోతున్నదో మాకే తెలియలేదు.

అలా చూస్తుండగా ఒకనాడు మనుమడు అడిగాడు: "తాతా, నాన్న కూడా శక్తిమాన్ లాగా పైనుంచి దూకాడంట గదా?" వానికి ఆ కథ చెప్పింది మేమే.

మా బాబు టీవీ మీది నుండి చూపు తిప్పలేదు. మెల్లగా అన్నాడు: "దూకలేదురా. జారి పడ్డా."

ఆ గదిలో కాసేపు శక్తిమాన్ మాటలు తప్ప వేరే చప్పుడు లేదు. తరువాత వాడే చెప్పాడు. ఆనాడు గుడిలో నుండి మెల్లగా జారుకొని ఇంటికి వచ్చాడు. తలుపుకు తాళము. వెనుక వీధిలో కిరాణా కొట్టు వారి ఇంట్లో టీవీ నడుస్తున్నది. మా మిద్దె మీద పిట్టగోడ మూలకు పోయి వంగితే వాళ్ళ కిటికీలో నుండి తెర కొంచెము కనబడుతుంది. పోయిన వారము పడిపోయినవారిని పట్టుకున్నాడో లేదో మొదట్లో చూపిస్తారని వాని ఆశ. యాంటెనా గొట్టము పట్టుకొని వంగాడు. గొట్టము కదిలింది.

"ఎగరగలనని నేనెప్పుడూ అనుకోలేదు నాన్నా. పదేళ్ళవాణ్ణి, ఆ మాత్రం తెలియదా?" అన్నాడు.

ఆనాడు యాంటెనా గొట్టము వంగి ఉండుట మేము చూశాము. మరునాడు దానిని సరిచేసినది కూడ మేమే. దూకేవాడు గొట్టము ఎందుకు పట్టుకుంటాడని ఈ ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడ మాకు తోచలేదు.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదురా?" అన్నాము.

"ఎవరడిగారు? అయ్యగారు అడిగారు, మీరు చెప్పారు. బడిలో పిల్లలంతా నన్ను శక్తిమాన్ అన్నారు. జారి పడ్డానంటే ఏం బాగుంటుంది? దూకానంటేనే బాగుంది. తర్వాత చెబుదామంటే మీరు మైకులో చెబుతున్నారు." కొంచెము ఆగి, "ఇరవై ఏళ్ళు హీరోగా ఉన్నా, పోనీలే. లేచి నిలబడమనేవాళ్ళు చూడు, అదొక్కటే కష్టంగా ఉండేది" అని నవ్వాడు.

వాడు నవ్వాడు గాని మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అబద్ధ సాక్ష్యమును గూర్చిన ఆజ్ఞ మేము సండే స్కూలులో ఎంతమంది పిల్లలచేత కంఠస్థము చేయించామో లెక్కలేదు. పొరుగువాడంటే పక్కింటివాడే గాని, మన ఇంటి బిడ్డ కాదనుకున్నాము కాబోలు. తెల్లవారి లేచి, భార్యాబిడ్డల ఎదుటనే వానిని క్షమించమని అడిగాము. వాడు కంగారుపడి "ఏందమ్మా ఇది" అంటూ వాళ్ళమ్మ చేతులు పట్టుకున్నాడు. వంకర చెయ్యి కూడ ఆ రెండింటిలో ఒకటి.

ఆ మధ్యాహ్నము మనుమడు అసలు ప్రశ్న అడిగాడు: "అయితే నాన్నా, ఆ పడిపోయేవాళ్ళను పట్టుకున్నాడా?"

"ఇప్పటికీ తెలియదురా" అన్నాడు వాడు.

ఆనాటి నుండి మూడు తరములవారము రోజూ టీవీ ముందు కూర్చున్నాము. ఎవరో ఒకరు పడిపోయే ఘట్టములు ఎన్నో వచ్చాయి. వచ్చినవాటిలో అతడు పట్టుకున్నాడు కూడ. వాటిలో మేము సగము చూసినది ఏదో మాత్రము తేల్చుకోలేకపోయాము. ఇదే అని ఒకరము, కాదని ఒకరము. ప్రతి భాగము అయిన తరువాత టీవీ ఆపి, ఆ పూట కథను గూర్చి మనుమడు అడిగినవన్నిటికీ జవాబు చెప్పేవాళ్ళము. జవాబు తెలియనప్పుడు నువ్వే చెప్పరా అనేవాళ్ళము. వాడు చెప్పే ముగింపులు సీరియల్ వారి ముగింపుల కంటే బాగుండేవి. ఇరవై ఒక్క ఏళ్ళ క్రితము వాని తండ్రితో కూడ అలా కూర్చోవలసినది.

చదువరులారా, టీవీ మంచిదని చెప్పుటకు ఇది వ్రాయలేదు. గుడి వేళ గుడిదే. ఈనాడు పిల్లల చేతిలో టీవీ కంటే చిన్నదైన సెల్‌ఫోను ఉన్నది, దానిలో ఏ వేళకు ఏది కావాలన్నా వస్తుంది, కరెంటు పోయినా ఆగదు. దానిని గూర్చి మీకున్న భయము మాకూ ఉన్నది. మేము చెప్పదలచినది ఒక్కటే. బిడ్డ పడినప్పుడు ఏమైందని ముందు బిడ్డనే అడగండి. అడిగి, వాడు నోరు తెరిచే వరకు ఆగండి. పత్రికలో చదివినది, పక్క ఊరిలో విన్నది మీ బిడ్డ నోట పెట్టకండి. వాడు చూస్తున్న కథ మీకు పిచ్చిదిగా కనబడినా, చివరి వరకు పక్కన కూర్చొని చూడండి. వానికి ఆ కథలో ఏమి కావలసి ఉన్నదో అప్పుడు గాని తెలియదు. మావానికి కావలసినది ఎగురుట కాదు. పడిపోతున్నవారిని ఎవరైనా పట్టుకున్నారో లేదో వాడు తెలుసుకోవాలనుకున్నాడు. అటువంటి మనస్సు దేవుడు మా ఇంట్లో పెడితే, దానిని మేము సభలలో లేపి నిలబెట్టి చూపించాము.

ఇది అచ్చు వేయించుటకు మా బాబును అనుమతి అడిగాము. "వేయించండి. ఈసారి మాత్రం నన్ను లేచి నిలబడమనకండి" అన్నాడు.

మా నోట ఆ పాత సాక్ష్యము విన్నవారు ఎవరైనా ఉంటే దయతో దానిని మరచిపొండి. మా బాబు దూకలేదు.

ప్రభువు కృప మీ గృహములకు, మీ పిల్లలకు తోడైయుండును గాక.